ఒకే మట్టి, మూడు అంకెలు: నేల రసాయన పరీక్షల పోటీకి ఒక విద్యార్థి జట్టు తయారీ

ఈ కేస్‌లో ఉన్నది ముగ్గురు హైస్కూలు విద్యార్థుల జట్టు. పోటీకి 8 వారాల గడువుంది. పోటీలో ఒక రాతపరీక్ష, ల్యాబ్ బల్ల దగ్గర 90 నిమిషాల ప్రయోగం ఉంటాయి. ప్రయోగంలో ఎక్కడివో చెప్పకుండా రెండు మట్టి నమూనాలు ఇస్తారు. ఒక్కోదానికి పీహెచ్, ఈసీ (విద్యుత్ వాహకత, కరిగిన లవణాల సూచిక), సున్నం శాతం, లభ్య భాస్వరం (మొక్కకు అందే భాస్వరం) తేల్చి, ఆ అంకెలు ఆ నేల గురించి ఏం చెబుతున్నాయో న్యాయనిర్ణేతలకు వివరించాలి. విలువ ఎంత సరిగ్గా ఉందన్నదానికి కొన్ని మార్కులు, జంట రీడింగులు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయన్నదానికి కొన్ని, వివరణకు కొన్ని.

మొదటి వారంలోనే ఒక మాదిరి పరీక్ష పెట్టారు. ఒకే సంచిలోని మట్టిని ముగ్గురికీ ఇచ్చి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా చేయమన్నారు. పీహెచ్ ఒకరికి 7.4, ఒకరికి 7.8, ఒకరికి 8.2 వచ్చింది. లభ్య భాస్వరం కిలో మట్టికి 9, 14, 21 మిల్లీగ్రాములు. ముగ్గురికీ సమీకరణాలన్నీ నోటికి వచ్చు. కాటయాన్ మార్పిడి సామర్థ్యం (ధనావేశ పోషకాలను పట్టి ఉంచే నేల శక్తి) గురించి అడిగితే తడుముకోకుండా చెబుతారు. అంటే లోపం చదువులో లేదు. మిగిలిన ఏడు వారాలను కొత్త పాఠాలకు కాక, ఈ మూడు అంకెల మధ్య తేడా ఎక్కడ పుడుతోందో వెతకడానికే కేటాయించారు. తయారీలో తీసుకున్న అతి మంచి నిర్ణయం ఇదే.

మట్టి తీసే చెయ్యి

తేడాలో కొంత బీకరులో మట్టి పడకముందే పుట్టింది. ముగ్గురూ సంచి మూతి దగ్గర నుంచి చెంచాతో తీసుకున్నారు. సంచి కదిలినప్పుడల్లా సన్నని పొడి కిందికి జారుతుంది, ముతక రేణువులు పైకి తేలతాయి. భాస్వరాన్నీ లవణాలనూ ఎక్కువగా పట్టుకుని ఉండేది ఆ సన్నని పొడే. కాబట్టి మొదట తీసినవారికీ చివర తీసినవారికీ దక్కింది ఒకే మట్టి కాదు.

దిద్దుబాటు పాతదే: నాలుగు భాగాల పద్ధతి. మట్టిని శుభ్రమైన కాగితం మీద కుప్పగా పోసి, చదును చేసి, అడ్డంగా నిలువుగా గీసి నాలుగు భాగాలు చేయాలి. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసేసి, మిగతా రెండూ కలిపి మళ్లీ అదే పని చేయాలి. కావలసిన పరిమాణం దాకా దిగాక, మిగిలినదాన్ని అంతా తూకానికి వాడాలి. ఆ చిన్న కుప్పలోంచి మళ్లీ చెంచాతో ఏరుకుంటే పడిన శ్రమంతా వృథా.

సాధన మట్టిని నీడలో ఆరబెట్టి, గడ్డలను చెక్క రోకలితో చితక్కొట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టారు. గులకరాళ్లను నలగ్గొట్టి జల్లెడ దాటించకూడదు. సున్నపు రాయి ముక్క పొడి అయి కలిసిందంటే సున్నం శాతం అమాంతం పెరుగుతుంది. ఓవెన్‌లో ఎక్కువ వేడికి ఆరబెట్టడమూ వద్దు. లభ్య భాస్వరం, పొటాష్ విలువలు వేడికి మారిపోతాయి.

ఇలా తయారైన మట్టిలో అయిదు కిలోలను బాగా కలిపి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టి, దానికి ‘సాక్షి మట్టి’ అని పేరు పెట్టారు. ప్రతి సాధన రోజూ కొత్త నమూనాలతో పాటు దీన్ని కూడా పరీక్షించి, వచ్చిన విలువను గోడమీది గ్రాఫులో చుక్కగా పెట్టేవారు. చుక్క పక్కకు జరిగిన రోజు మిగతా నమూనాల అంకెలు నమ్మకుండా, ముందు కారణం వెతికేవారు.

పీహెచ్: చిన్న పరీక్షే, తప్పులు మాత్రం చాలా

7.4 వచ్చిన విద్యార్థి 10 గ్రాముల మట్టికి 10 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి, ఎలక్ట్రోడ్‌ను అడుగున పేరుకున్న మడ్డిలో ఉంచారు. 8.2 వచ్చినవారు 50 మిల్లీలీటర్లు కలిపి, పైన తేరిన తేటనీటిలో ఉంచారు. 7.8 వచ్చినవారు 25 మిల్లీలీటర్లతో చేశారు. నీళ్లు పెరిగేకొద్దీ సాధారణంగా పీహెచ్ పెరుగుతుంది. బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది కనుక మడ్డిలో రీడింగు తేటనీటిలో కన్నా తక్కువ చూపిస్తుంది. ఈ రెండు ప్రభావాలూ ఒకే దిశలో పనిచేశాయి, అందుకే తేడా 0.8 దాకా సాగింది. ఎవరి లెక్కా తప్పు కాదు, ముగ్గురూ మూడు వేరు వేరు విషయాలను కొలిచారంతే.

దీన్ని చెప్పి వదిలేయకుండా, ఒక్కరితోనే ఒక్కో మార్పు చొప్పున చేయించారు. మొదట నీళ్ల పాలు మాత్రమే మార్చి, తర్వాత ఎలక్ట్రోడ్ లోతు మాత్రమే మార్చి, ఆపైన వేచి ఉండే సమయం మాత్రమే మార్చి. రెండింటిని ఒకేసారి మారిస్తే దేనివల్ల ఎంత మారిందో తెలియదు. ఆ తర్వాత జట్టు ఒక పద్ధతికి కట్టుబడింది: 10 గ్రాముల మట్టి, 25 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, 30 నిమిషాల పాటు మధ్యమధ్య గాజుకడ్డీతో కలపడం, రీడింగుకు ముందు ఒకసారి కలిపి వెంటనే ఎలక్ట్రోడ్ ముంచడం, అంకె నిలకడగా ఉన్నాకే రాయడం. రాసేటప్పుడు ‘పీహెచ్ 7.8’ అని వదిలేయక, ‘నీటిలో, 1:2.5’ అని పక్కన చేర్చడం. నిష్పత్తి చెప్పని పీహెచ్‌కు అర్థం సగమే.

లవణాల వల్ల రోజురోజుకూ మారే ఊగిసలాట తగ్గాలంటే నీటి బదులు 0.01 మోలార్ కాల్షియం క్లోరైడ్ వాడవచ్చు. డైహైడ్రేట్ రూపం అయితే లీటరుకు 1.47 గ్రాములు. ఇందులో రీడింగు నీటిలో కన్నా సుమారు అర యూనిట్ నుంచి ఒక యూనిట్ దాకా తక్కువ వస్తుంది. పోటీ నియమాల్లో ఏ మాధ్యమం అడిగారో మొదటి నిమిషంలోనే చదివి తీరాలి.

ఎలక్ట్రోడ్ సంగతి. జట్టు దగ్గరున్న రెండింటిలో ఒకటి పాతది, ఎవరో దాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి ఉంచారు. అలా ఉంచితే లోపలి పొటాషియం క్లోరైడ్ బయటికి కారిపోయి, స్పందన మందగిస్తుంది. నిల్వకు 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ ఉండాలి. ఆరోగ్యమైన ఎలక్ట్రోడ్ 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్కో పీహెచ్ యూనిట్‌కు 59.16 మిల్లీవోల్టులు మారుతుంది. అంటే పీహెచ్ 7 బఫర్‌లో (పీహెచ్ కచ్చితంగా తెలిసిన ద్రావణంలో) సున్నా దగ్గర, పీహెచ్ 4 బఫర్‌లో దాదాపు 177 మిల్లీవోల్టులు. పాతదానికి స్లోప్, అంటే ఒక్కో యూనిట్‌కు వచ్చే మార్పు, ఉండాల్సినదానిలో 88 శాతమే. 7 బఫర్‌తో మాత్రమే సరిచేసి వాడితే, నిజంగా 8.0 ఉన్న మట్టి 7.9 గా కనిపిస్తుంది, పట్టుకోలేం. అదే 5.0 ఉన్న ఆమ్ల నేల 5.24 గా కనిపిస్తుంది. ఏడు దగ్గర దాక్కుని అయిదు దగ్గర బయటపడే తప్పు ఇది. అందుకే నమూనా విలువకు ఇటొకటి అటొకటి ఉండేలా రెండు బఫర్లతో సరిచేయాలి. క్షార నేల అనుకుంటే 7, 9.18 బఫర్లు. క్షార బఫర్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని దిగజారుతుంది కనుక వాడినదాన్ని తిరిగి సీసాలో పోయకూడదు.

డిస్టిల్డ్ వాటర్ పీహెచ్ 5.6 చూపించిందని రెండు సీసాలు పారబోసిన రోజూ ఉంది. గాలి తగిలిన స్వచ్ఛమైన నీటికి అది మామూలే. అందులో బఫర్ శక్తి లేదు, మట్టి కలిపిన క్షణంలో నీటి పీహెచ్ మట్టికి లొంగిపోతుంది. పారబోయాల్సింది లవణాలున్న నీటిని. దాన్ని ఈసీ మీటరు పట్టిస్తుంది.

ఈసీ, సున్నం

ఈసీలో చెప్పుకోవలసినవి మూడే. పీహెచ్ కన్నా ముందు కొలవాలి, ఎందుకంటే పీహెచ్ ఎలక్ట్రోడ్ నుంచి కారే పొటాషియం క్లోరైడ్ అదే బీకరులో ఈసీని పెంచేస్తుంది. మీటరును లీటరుకు 0.7456 గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉన్న ద్రావణంతో సరిచూడాలి, 25 డిగ్రీల దగ్గర రీడింగు 1.41 డెసీసైమన్/మీటరు (ఈసీ యూనిట్) చూపాలి. ఒక్కో డిగ్రీ తేడాకు రీడింగు దాదాపు 2 శాతం మారుతుంది. మూడోది వివరణలో చేసే తప్పు: చౌడు నేలకు చెప్పే 4 డెసీసైమన్ల హద్దు సంతృప్త మట్టి సారానికి (మట్టిని నీళ్లతో పూర్తిగా తడిపి, అందులోంచి లాగిన ద్రవానికి) వర్తిస్తుంది. 1:2.5 లో వచ్చిన అంకెను ఆ హద్దు పక్కన పెట్టి ‘లవణాలు లేవు’ అంటే మార్కులు పోతాయి. ఎక్కువ నీటిలో పలచబడిన ఉప్పు అది.

సున్నం శాతానికి వాయువు పరిమాణం కొలిచే పద్ధతి ఎంచుకున్నారు. సీసాలో తూచిన మట్టి, దానిలోనే చిన్న గొట్టంలో 3 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మూత బిగించి సీసా వంచితే ఆమ్లం మట్టి మీద పడి, వెలువడిన కార్బన్ డయాక్సైడ్ బ్యూరెట్‌లోని నీటిని తోస్తుంది. లెక్క ప్రకారం 0.1 గ్రాము స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ నుంచి గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 24 మిల్లీలీటర్ల వాయువు రావాలి. ఆచరణలో తక్కువే వస్తుంది, కొంత నీటిలో కరుగుతుంది. కాబట్టి వాయు సూత్రాన్ని నమ్ముకోక, 0.05, 0.1, 0.2 గ్రాముల స్వచ్ఛమైన కార్బొనేట్‌తో అదే సీసాలో చేసి గ్రాఫు గీత గీసుకుని, మట్టి విలువను ఆ గీత మీద చదవాలి.

ఈ పరీక్షలో పెద్ద దొంగ అరచేతి వేడి. సీసాను గుప్పిట పట్టి ఊపితే లోపలి 100 మిల్లీలీటర్ల గాలి 3 డిగ్రీలు వేడెక్కి, ఒక మిల్లీలీటరు వ్యాకోచిస్తుంది. సున్నం తక్కువున్న మట్టిలో ఆ ఒక్క మిల్లీలీటరే ఫలితాన్ని తారుమారు చేయగలదు. మెడ దగ్గర పట్టకారుతో పట్టుకుని ఊపాలి. మట్టి లేకుండా ఆమ్లం ఒక్కటే వంచి బ్లాంక్ (పోల్చడానికి ఖాళీ రీడింగు) తీయాలి. బ్యూరెట్ మట్టాన్ని పది సెంటీమీటర్లు దించి రెండు నిమిషాలు చూస్తే లీకు ఉందో లేదో తెలుస్తుంది. బుసబుస ఆగాక కూడా మట్టం మెల్లగా కదులుతూనే ఉంటే డోలమైట్ (మెగ్నీషియం కలిసిన సున్నపు ఖనిజం) ఉందేమో అనుమానించాలి, చల్లని ఆమ్లంలో అది నిదానంగా కరుగుతుంది.

ఇక్కడే ఒక పరీక్ష ఇంకో పరీక్షకు కాపలా కాస్తుంది. గాలితో సమతౌల్యంలో ఉన్న సున్నపు నేల పీహెచ్ దాదాపు 8.2 దగ్గర ఆగుతుంది. బుసబుసలాడే మట్టికి పీహెచ్ 6.5 వచ్చిందంటే ఏదో తప్పు జరిగింది, ఎలక్ట్రోడ్ దగ్గరికి తిరిగి వెళ్లాలి. 8.5 దాటితే సున్నం ఒక్కటే దానికి కారణం కాదు, సోడియం వైపు చూడాలి.

భాస్వరం: 9, 14, 21

అసలు పరీక్ష ఇది. వాడినది ఓల్సెన్ పద్ధతి: బైకార్బొనేట్ ద్రావణంతో మట్టిలోంచి భాస్వరం లాగి, దానికి నీలిరంగు తెప్పించి, ఆ రంగు ఎంత గాఢమో కొలవడం. లీటరుకు 42 గ్రాముల సోడియం బైకార్బొనేట్, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ సరిగ్గా 8.5 కు తెచ్చింది. 2.5 గ్రాముల మట్టికి 50 మిల్లీలీటర్లు పోసి 30 నిమిషాలు షేకర్ మీద ఊపి వడకట్టడం. వడకట్టినదాంట్లో 5 మిల్లీలీటర్లు 25 మిల్లీలీటర్ల ఫ్లాస్కులోకి తీసుకుని, పారా నైట్రోఫినాల్ చుక్కలు వేసి, పసుపు పోయేదాకా 5 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కచుక్కగా చేర్చడం. పొంగు పూర్తిగా తగ్గాక 20 మిల్లీలీటర్ల దాకా నీళ్లు, ఆపైన 4 మిల్లీలీటర్ల మాలిబ్డేట్–ఆంటిమొనీ–ఆస్కార్బిక్ ఆమ్లం మిశ్రమం, ఫ్లాస్కు గీత దాకా నీళ్లు. పది నిమిషాలకు నీలిరంగు నిలకడ పడుతుంది, 882 నానోమీటర్ల కాంతిని అది ఎంత పీల్చుకుంటుందో (అబ్జార్బెన్స్) చదవాలి.

తేడా మట్టిలోంచి భాస్వరం లాగే దశలో ఉందా, రంగు తెప్పించే దశలో ఉందా? దీన్ని విడదీయడానికి చేసిన పని ఈ కేస్ మొత్తంలో ఎవరైనా అలాగే తీసుకుని వాడుకోదగ్గది. ముగ్గురూ విడివిడిగా వడకట్టిన ద్రవాలను ఒక్కోదాన్నీ మూడు భాగాలు చేశారు. ప్రతి ఒక్కరూ మూడు ద్రవాలకూ రంగు తెప్పించారు. మొత్తం తొమ్మిది రీడింగులు. తేడా ద్రవంతో పాటు ప్రయాణిస్తే తప్పు ఊపడంలోనో బైకార్బొనేట్‌లోనో ఉంది. చేతితో పాటు ప్రయాణిస్తే తప్పు రంగు దశలో ఉంది.

తేడాలో పెద్దభాగం ద్రవంతోనే ప్రయాణించింది. 9 వచ్చినవారు షేకర్ ఖాళీ లేక చేత్తో ఊపారు, అదీ మధ్యమధ్య ఆపి. 21 వచ్చినవారు వారం కిందట కలిపిన బైకార్బొనేట్ వాడారు. సగం ఖాళీగా ఉన్న సీసాలో అది కార్బన్ డయాక్సైడ్ కోల్పోయి పీహెచ్ 8.5 దాటిపోయింది, కార్బొనేట్ పాలు పెరిగింది. అలాంటి ద్రావణం మట్టిలోంచి లాగే భాస్వరం మారిపోతుంది, దాంతో వచ్చిన అంకెను తాజా ద్రావణపు అంకెతో పోల్చలేం. ఆ రోజు నుంచి ద్రావణాన్ని నిండు సీసాలో, వాడే రోజునే పీహెచ్ చూసి వాడారు. ఉష్ణోగ్రత పెరిగితే కూడా విలువ పెరుగుతుంది కనుక గది ఉష్ణోగ్రతను రికార్డులో రాశారు.

చేతితో పాటు ప్రయాణించిన చిన్నభాగం ఆమ్లం దగ్గర దొరికింది. 5 మిల్లీలీటర్ల ద్రవంలో 2.5 మిల్లీమోళ్ల బైకార్బొనేట్ ఉంటుంది. దాన్ని పోగొట్టడానికి 5 నార్మల్ ఆమ్లం అర మిల్లీలీటరు పడుతుంది. ఈ మెట్టు దాటవేస్తే రంగు మిశ్రమంలోని ఆమ్లంలో పావు వంతు దానికే ఖర్చయిపోతుంది. ఆమ్లం తగ్గితే భాస్వరం లేకున్నా మాలిబ్డేట్ తనంతట తాను నీలమవుతుంది, ఎక్కువైతే రంగు రావడం ఆలస్యమవుతుంది. పొంగు తగ్గకముందే తొందరపడితే క్యూవెట్ (రంగు ద్రవం పోసి కొలిచే చిన్న పాత్ర) గోడలకు బుడగలు అంటుకుని రీడింగు గెంతుతుంది.

బ్లాంక్ నీలంగా వచ్చిన రోజు ఒకటుంది. ఫాస్ఫేట్ ఉన్న సబ్బుపొడితో కడిగిన గాజుసామాను దానికి కారణం. భాస్వరం ఫ్లాస్కులను విడిగా పెట్టి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో జాడించడం నియమమైంది. వడపోత కాగితం, రంగు తీసే బొగ్గుపొడి కూడా భాస్వరం ఇవ్వగలవు. మట్టి లేకుండా అన్ని మెట్లూ నడిపిన బ్లాంక్ ఉంటేనే అది తెలుస్తుంది, నీళ్లతో పెట్టిన బ్లాంక్ చూపించదు.

స్టాండర్డులకు (భాస్వరం ఎంతుందో తెలిసిన పోలిక ద్రావణాలకు) లీటరుకు 0.2197 గ్రాముల పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ తూచితే లీటరుకు 50 మిల్లీగ్రాముల భాస్వరం. దాన్ని 25 రెట్లు పలుచన చేస్తే 2 మిల్లీగ్రాములు. ఇందులోంచి 1, 2, 3, 4, 5 మిల్లీలీటర్లు తీస్తే 25 మిల్లీలీటర్లలో లీటరుకు 0.08 నుంచి 0.40 మిల్లీగ్రాముల దాకా మెట్లు వస్తాయి. ప్రతి స్టాండర్డులోనూ 5 మిల్లీలీటర్ల బైకార్బొనేట్ కూడా పోయాలి. నమూనాలో ఉన్నది స్టాండర్డులో లేకపోతే రెండింటి ఆమ్లం ఒకటి కాదు. స్టాండర్డుల గ్రాఫు గీత మీద 0.14 వచ్చిందనుకుందాం: 25ని 5తో భాగిస్తే 5, 50ని 2.5తో భాగిస్తే 20, మొత్తం 100 రెట్లు, అంటే కిలోకు 14 మిల్లీగ్రాములు.

న్యాయనిర్ణేతలు అడగడానికి ఇష్టపడే ప్రశ్న: సున్నపు నేలలో బ్రే పద్ధతి (పలుచని ఆమ్లం, ఫ్లోరైడ్‌తో భాస్వరం లాగేది) ఎందుకు కాదు? ఆ ద్రావణంలోని కొద్దిపాటి ఆమ్లాన్ని సున్నం మింగేస్తుంది, ఫ్లోరైడ్ కాల్షియంతో కలిసి అవక్షేపమవుతుంది, భాస్వరం నిజం కన్నా తక్కువ కనిపిస్తుంది. ఈ జవాబు వారికి సున్నం పరీక్ష ఫలితం చేతిలో పెట్టుకుని చెప్పేలా నేర్పారు.

సేంద్రియ కర్బనం బల్ల మీద చేయలేదు

వాక్లీ–బ్లాక్ పద్ధతిలో సేంద్రియ కర్బనం కొలవడానికి డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడి, మిగిలిన డైక్రోమేట్‌ను ఫెర్రస్ ద్రావణంతో టైట్రేషన్ చేస్తారు. ఆరు వేలన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం, సరైన ఫ్యూమ్ హుడ్, వ్యర్థాల నిర్వహణ లేని చోట విద్యార్థులతో చేయించకపోవడమే సరైన పని. లెక్క మాత్రం చేయించారు: బ్లాంక్ 20 మిల్లీలీటర్లు, నమూనా 16 మిల్లీలీటర్లు, 0.5 నార్మల్ ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్, ఒక గ్రాము మట్టి. 4 × 0.5 × 0.003 × 100, అంటే 0.6 శాతం. ఈ పద్ధతిలో కర్బనమంతా ఆక్సీకరణం చెందదు, దాదాపు 77 శాతమే అనుకుని 1.3తో గుణిస్తే 0.78. టైట్రేషన్‌కు ముందే ద్రవం ఆకుపచ్చగా మారితే డైక్రోమేట్ అయిపోయినట్టు, మట్టి తగ్గించి మళ్లీ చేయాలి. క్లోరైడ్ ఎక్కువున్న చౌడు నేలలో విలువ ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది.

90 నిమిషాలు

బల్ల మీద సమయాన్ని శాసించేది షేకర్ మీది 30 నిమిషాలు. కాబట్టి మొదటి 8 నిమిషాల్లో ముగ్గురూ నమూనా పంపకం, తూకాలు ముగించి, వెంటనే భాస్వరం సీసాలు షేకర్ ఎక్కాలి. అదే క్షణంలో పీహెచ్ బీకర్లలో నీళ్లు పడాలి. రెండింటి నిరీక్షణా ఒకేసారి నడుస్తుంది. ఈలోగా ఒకరు సున్నం, ఒకరు స్టాండర్డులు, ఒకరు ఎలక్ట్రోడ్ సరిచేయడం. 38వ నిమిషంలో వడపోత మొదలు. బంకమట్టి వడపోత మందంగా సాగుతుంది, దానికి 12 నిమిషాలు ఇచ్చారు, మొదట కారే మసక ద్రవాన్ని పారబోశారు. 60కి రంగు, 75కి రీడింగులు, 85కి లెక్కలు. తొలి సాధనల్లో మొదటి అరగంట సున్నంతోనే గడిచిపోయి, రంగు నిలబడకముందే గంట కొట్టేది.

రాసేటప్పుడు యూనిట్ల మీద విడిగా రెండు గంటల సాధన పెట్టారు. భాస్వరాన్ని ఫాస్ఫరస్ పెంటాక్సైడ్‌గా అడిగితే 2.29తో గుణించాలి, పొటాషియంను పొటాష్‌గా అడిగితే 1.2తో. నైట్రేట్ రూపంలోని నత్రజనిని నైట్రేట్‌గా చెప్పాలంటే 4.43. రాతపరీక్షలో విషయం తెలిసీ పోగొట్టుకునే మార్కులు చాలావరకు ఇక్కడే పోతాయి.

ఏడో వారం మాదిరి పరీక్షలో ముగ్గురి పీహెచ్‌ల మధ్య తేడా 0.1కి దిగింది. భాస్వరం 13, 14, 15. సున్నం జంట రీడింగులు కలిశాయి. ఇబ్బంది రెండో నమూనాలో వచ్చింది. అది భాస్వరం బాగా తక్కువున్న నేల, అబ్జార్బెన్స్ గీత అడుగున బ్లాంక్ పక్కనే పడింది. అక్కడ ఒక చిన్న బుడగ కూడా విలువను రెట్టింపు చేస్తుంది. 5 బదులు 10 మిల్లీలీటర్ల ద్రవం తీసుకోవడం దీనికి మార్గం. అప్పుడు తటస్థం చేసే ఆమ్లం ఒక మిల్లీలీటరు అవుతుంది, ఆ నమూనా కోసం స్టాండర్డులు కూడా 10 మిల్లీలీటర్ల బైకార్బొనేట్‌తో మళ్లీ పెట్టాలి, గుణకం 100 కాదు, 50. మొదటిసారి ముగ్గురిలో ఇద్దరు ఆమ్లం సరిగ్గా మార్చి, స్టాండర్డులు సరిగ్గా మార్చి, చివర్లో 100తోనే గుణించారు. ఎనిమిదో వారం నుంచి పిపెట్ చేతిలోకి తీసుకోకముందే, ఎన్ని మిల్లీలీటర్లు తీస్తున్నారో దాని గుణకాన్ని ఫ్లాస్కు మీదే మార్కర్‌తో రాయడం మొదలుపెట్టారు.